పికప్ డిఫరెన్షియల్ కవర్ మారుస్తున్నారా? ఇవి చూసుకోకపోతే బ్రేకులకే ముప్పు!

హైదరాబాద్ పాతబస్తీలోని మీరాలం మండికి లోడ్ తెచ్చే పికప్ వెనక చక్రాల మధ్య ఉబ్బెత్తుగా కనిపించేదే డిఫరెన్షియల్. లోపల క్రౌన్, పినియన్ గేర్లు ఆయిల్‌లో తిరుగుతుంటాయి. వెనక కవర్ తుప్పు పట్టినా, సొట్టపోయినా ఆయిల్ కారుతుంది. కంపెనీది కాకుండా బయటి కవర్ వేయించొచ్చు. కానీ ఈ జాగ్రత్తలు తప్పనిసరి.

* కొన్ని బండ్లకు కవర్ ఊడదు, వెల్డింగ్ చేసి ఉంటుంది. ఊడేదైతే బోల్టు రంధ్రాలు పాతదానితో సరిపోవాలి.
* పాత ఆయిల్ తీసే ముందే, ఆయిల్ పోసే ప్లగ్ ఊడుతుందో లేదో చూడాలి. అది బిగుసుకుపోతే కొత్త ఆయిల్ పోయలేరు.
* ఆయిల్‌లో ఇనుప ముక్కలు కనిపిస్తే గేర్లు దెబ్బతిన్నట్టే. కవర్ మారిస్తే సరిపోదు.
* పాత గ్యాస్కెట్ పూర్తిగా గీకేయాలి. బోల్టులు ఎదురెదురుగా, సమానంగా బిగించాలి.
* పెద్ద కవర్‌కు ఆయిల్ ఎక్కువ పడుతుంది. మాన్యువల్‌లో చెప్పిన గ్రేడే పోయాలి.
* గాలి పోయే బ్రీదర్ శుభ్రం చేయాలి. అది మూసుకుపోతే ప్రెజర్ పెరిగి, ఆయిల్ సీళ్లు దాటి బ్రేక్ డ్రమ్‌లోకి చేరుతుంది. అప్పుడు బ్రేక్ సరిగా పట్టదు.

ఎంత ఖరీదైన అల్యూమినియం కవర్ వేసినా, ఆయిల్ తగ్గితే గేర్లు అరిగిపోతాయి. వెనక నుంచి గుయ్‌మని శబ్దం వస్తే లోడ్ ఎక్కించకుండా ముందు మెకానిక్‌కు చూపించాలి.