అమ్మీ ఖడా దుపట్టా బీరువాలోనే ఉండాలా?

హైదరాబాద్‌లో చాలా ముస్లిం ఇళ్లలో అమ్మీ పెళ్లినాటి ఖడా దుపట్టా బీరువా పైఅరలో మూటకట్టి ఉంటుంది. ఎవరూ వేసుకోరు, ఎవరికీ ఇవ్వరు. పట్టుదైతే ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉండి, ఆ మడత దగ్గరే చిరుగుతుంది. పూర్తిగా పాడవకముందే వాడుకోవడం మేలు.

ముందు బట్టను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. పోగులు విడిపోయినా, మెల్లగా లాగితే పర్రుమన్నా ఆ ముక్క ఇక కుట్టుకు ఆగదు. అంచు మాత్రం చాలాసార్లు బాగానే ఉంటుంది. ఖడా దుపట్టా 6 గజాలు. పొడవు వైపులా రెండింటికీ గోటా ఉంటే దాదాపు 11 మీటర్లు దొరుకుతుంది. మామూలు దుపట్టాకు చుట్టూ 7 మీటర్లు చాలు. మిగిలింది చిన్నపిల్ల కుర్తీ చేతులకు వస్తుంది. ఇద్దరు కూతుళ్లుంటే పంచుకోవచ్చు, గొడవ ఉండదు.

గోటాను పట్టి లాగొద్దు. వెనకవైపు రెండు మూడు అంగుళాలకొక కుట్టు తెంపుతూ పోతే దారం తేలిగ్గా వచ్చేస్తుంది. కొత్త నూలు దుపట్టాను ముందే తడిపి ఆరేయాలి. చాలామంది వదిలేసేది ఇదే. లేకపోతే మొదటి ఉతుకుకే బట్ట కుంచించుకుపోయి అంచంతా ముడతలు పడుతుంది. ఇస్త్రీ చేసేటప్పుడు గోటా మీద పల్చటి గుడ్డ వేయాలి.

మిగిలిన గట్టి ముక్కలతో ఖురాన్‌కు జుజ్దాన్ కుట్టొచ్చు, లోపల నూలు లైనింగ్ వేస్తే సరి. పాత నూలు చీరలు నాలుగైదు పొరలేసి బొంత కుట్టుకోవచ్చు. జీన్స్ కాళ్లయితే కూరగాయల సంచికి పనికొస్తాయి.