యోగాసనములును పిలాటీస్ వ్యాయామమును

గత సంవత్సరము మా తరగతి బాలుఁడొకఁడు పశ్చిమోత్తానాసనము వేయుచు, ముక్కును మోకాళ్లకు ఆనింపలేక ఆయాసపడుచుండఁగా, మేము వెనుకనుండి వాని వీఁపుపై చేయివైచి క్రిందికి అదిమితిమి. వాఁడు వారము దినములు నడుము పట్టుకొని నడచెను. తప్పు మాదే. వానికి చికిత్స చేసిన ఫిజియోథెరపిస్టు పిలాటీస్ అను పద్ధతిలోని కొన్ని వ్యాయామములను నేర్పెను. నాఁటినుండి ఆ పద్ధతిని గూర్చి చదివి, కొంత అభ్యసించి, మనమెఱిఁగిన యోగముతో దానిని పోల్చి చూచితిమి.

పిలాటీస్ అనునది ఒక మనుష్యుని పేరు. జోసెఫ్ పిలాటీస్ 1883వ సంవత్సరమున జర్మనీ దేశమునఁ బుట్టెను. చిన్ననాఁట ఉబ్బసము మొదలగు వ్యాధులచే కృశించి, దేహదార్ఢ్యమునకై పాటుపడెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఇంగ్లండులో నుండుటచే, శత్రుదేశీయుఁడని అతనిని ఐల్ ఆఫ్ మాన్ ద్వీపమందలి శిబిరమున నిర్బంధించిరి. పిమ్మట న్యూయార్కు చేరి భార్య క్లారాతోఁ గూడ వ్యాయామశాల నడపెను. నర్తకులు పలువురు అచ్చటికి వచ్చుచుండిరి. తన పద్ధతికి అతఁడు పెట్టిన పేరు కంట్రాలజీ, అనఁగా నియంత్రణశాస్త్రము. 1945లో ప్రకటించిన గ్రంథమున చాపపై చేయఁదగు 34 వ్యాయామములను వివరించి, 1967లో మరణించెను.

యోగము బహుపురాతనము. పతంజలి చెప్పిన ఎనిమిది అంగములలో ఆసనము ఒకటి మాత్రమే. గుఱి యంతయు చిత్తమును నిశ్చలము చేయుటయందే. కావున యోగము వట్టి కసరత్తు అనువారు దానిలో పెద్దపాలు విడిచిపెట్టుచున్నారు. నేఁడు మనము చూచు పలువిధములైన ఆసనములు తరువాతి హఠయోగ గ్రంథములలోను, గురువుల బోధనలోను వృద్ధిపొందినవి. మైసూరు రాజాశ్రయమున యోగశాల నడపిన తిరుమలై కృష్ణమాచార్యులు 1934లో యోగమకరందమను కన్నడ గ్రంథమును వెలువరించిరి. చిత్రమేమనఁగా, పిలాటీస్ తొలి పుస్తకము అమెరికాలో వెలువడినదియు ఆ యేఁటనే!

రెండింటికిఁ గల భేదమును ఒకే ఆకృతిలోఁ జూపవచ్చును. వెల్లకిలఁ బరుండి, కాళ్లనెత్తి, తలకు ఆవలనున్న నేలను కాలివ్రేళ్లతోఁ దాఁకుట హలాసనము. పిలాటీస్ వ్యాయామములలో రోల్ ఓవర్ అనునదియు చూపునకు ఇట్లే యుండును. అయితే హలాసనమున అభ్యాసకుఁడు ఆ స్థితిని చేరి నిలుచును. ముక్కుతో మెల్లగా ఊపిరి తీయుచు, బిగువును సడలించుచు, దేహము నెమ్మదించిన కొలఁది మనస్సును లోనికిఁ ద్రిప్పును. రోల్ ఓవరులో నిలుచుట లేదు. ప్రక్కటెముకలు విచ్చునట్లు గాలి పీల్చి, పొత్తికడుపును లోనికి లాగి, వెన్నుపూసలను ఒక్కొక్కటిగా లేపి మరల ఒక్కొక్కటిగా చాపపై ఆనింపవలెను. ఏ పూస తగిలినది, ఏది తగులలేదు అని మనస్సు వెంటనంటి చూచుచుండవలెను. యోగమున దేహము ఊరకుండుట మనస్సు కొఱకు. పిలాటీసున మనస్సు దేహమునకు కావలివాఁడు. (మెడనొప్పి గలవారికి ఈ రెండును తగవు.)

బలము చాలని నడుమునకు రెండవది, కుదురులేని మనస్సునకు మొదటిది ఎక్కువ అక్కఱకు వచ్చునని మాకుఁ దోఁచినది. స్ప్రింగులు గల రిఫార్మర్ అను పిలాటీస్ యంత్రము మిక్కిలి వెలగలది; మనబోఁటి పాఠశాలలకు చాప చాలును.

రెండింటను చూపు అభ్యాసకునిదే గాని ప్రక్కవానిది కాదు. మేము అదిమిన నాఁడు ఆ బాలుఁడు చేసినది యోగమును గాదు, పిలాటీసును గాదు. వంచినది మా చేయి.

ఇప్పుడు వాఁడు ముక్కు మోకాళ్లకు జానెఁడు దూరమున నుండఁగానే ఆఁగి ఊపిరి విడుచుచున్నాఁడు. మేము చేతులు వెనుకకుఁ గట్టుకొని ప్రక్కన నిలుచుచున్నాము.