ఏసు మాట, బాబు మౌనం

గోదావరి కుడిగట్టున పోలవరం, పట్టిసీమ దాటి దిగువకు వస్తే తగిలే కొవ్వూరు సంగీత దర్శకుడు ఎం.ఎం. కీరవాణి సొంత ఊరు. ఆయన చిన్న కుమారుడు శ్రీసింహ, కోనసీమలోని అమలాపురానికి చెందిన హాస్యనటుడు సత్య జంటగా నటించగా రితేష్ రానా దర్శకత్వం వహించిన ‘మత్తు వదలరా 2’ 2024 సెప్టెంబర్ 13న విడుదలైంది. తెలుగులో అరుదుగా వచ్చే ‘బడ్డీ కాప్’ తరహా హాస్యాన్ని మన ప్రేక్షకులు ఎలా అందుకుంటారో ఈ సినిమాకు వచ్చిన స్పందన చక్కగా చూపుతుంది.

బడ్డీ కాప్ అంటే పొంతన కుదరని ఇద్దరు పోలీసులనో, ఒక పోలీసునూ అతనికి తప్పనిసరిగా జతపడిన మరొకరినో ఒకే కేసులోకి నెట్టి, వాళ్ల కీచులాట నుంచి నవ్వునూ ప్రమాదం నుంచి ఉత్కంఠనూ పుట్టించే కథ. 1982లో వచ్చిన ‘48 అవర్స్’, 1987 నాటి ‘లెథల్ వెపన్’ హాలీవుడ్‌లో ఈ తరహాకు గట్టి పునాది వేశాయి. తెలుగులో మాత్రం పోలీసు కథ చాలావరకు ఒక్కడి కథే. ‘దూకుడు’, ‘గబ్బర్ సింగ్’ వంటి చిత్రాల్లో ఎంత హాస్యం ఉన్నా, హాస్యనటులందరూ కథానాయకుడి చుట్టూ తిరిగేవాళ్లే తప్ప అతనితో సమానంగా నిలిచేవాళ్లు కారు. జంటగా నవ్వించే సంప్రదాయం మనకు రేలంగి–రమణారెడ్డి, కోట–బాబూమోహన్‌ల వంటి హాస్యనటుల ద్వారా వచ్చింది. ఈ చిత్రంలో శ్రీసింహ పాత్ర పేరు బాబూమోహన్ కావడం ఆ వారసత్వాన్ని గుర్తుచేస్తుంది.

2019 డిసెంబర్ 25న వచ్చిన మొదటి భాగంలో పార్సిళ్లు అందించే కుర్రాళ్లుగా కనిపించిన బాబు, ఏసుదాసు (సత్య) రెండో భాగంలో ‘హీ టీమ్’ అనే ప్రత్యేక దర్యాప్తు బృందంలో చేరతారు. కిడ్నాప్ కేసుల్లో చేతికి చిక్కిన డబ్బులోంచి కొంత నొక్కేసే అలవాటు చేసుకున్న ఈ ఇద్దరికి చివరికి ఒక హత్య చుట్టుకుంటుంది. దొంగబుద్ధి ఉన్నా క్రూరత్వం లేని, భయం వేస్తే ఒకరి వెనుక ఒకరు దాక్కునే మనుషులు కాబట్టే వాళ్ల తప్పులను ప్రేక్షకులు క్షమించి, వాళ్లు ఇరుక్కున్నప్పుడల్లా నవ్వుతూనే కంగారుపడ్డారు.

స్పందనలో అందరూ ఒక్కమాటగా చెప్పింది సత్య గురించే. చిరంజీవి, మహేశ్‌బాబు వంటి అగ్రనటులు సైతం చిత్రాన్ని బహిరంగంగా మెచ్చుకుంటూ అతని పేరును ప్రత్యేకంగా ప్రస్తావించారు. అయితే మొదటి భాగంలో ఉన్నంత బిగువైన మిస్టరీ ఇందులో లేదనీ, ద్వితీయార్ధంలో కథ జారిందనీ అన్నవాళ్లూ తక్కువేమీ కాదు. పాత సినిమాల ప్రస్తావనలు, మీమ్‌లు, టీవీ సీరియల్ పేరడీ అడుగడుగునా ఉండటంతో, అవి తెలిసినవాళ్లు పడిపడి నవ్విన చోట తెలియనివాళ్లకు ఏమీ అందకపోవచ్చు. ఆ ఫిర్యాదు న్యాయమైనదే. బయటి జ్ఞాపకం మీద నిలిచే జోక్ ఆ జ్ఞాపకంతోపాటే వాడిపోతుంది. మనిషి స్వభావం నుంచి పుట్టిన జోక్‌కు ఆ భయం లేదు. సత్య పండించిన నవ్వుల్లో ఎక్కువ భాగం ఈ రెండో రకానివి, ఎందుకంటే అవి మాటలోనే కాక, మాటకు ముందు తడబడే చూపులో, అబద్ధం దొరికిపోయాక కూడా దాన్నే సాగదీసే గొంతులో ఉన్నాయి.

ఈ మెప్పులో శ్రీసింహకు దక్కవలసిన వాటా దక్కలేదనిపిస్తుంది. జంట హాస్యంలో ఒకరు విసిరిన మాట పేలాలంటే రెండోవారు దాన్ని నిజమేనన్నట్టు వినాలి, ఒక్క క్షణం ఆగాలి, తాను నవ్వకుండా ఉండాలి. వినేవాడు కూడా నవ్వించాలని తొందరపడితే ఇద్దరి మాటలూ ఒకదానిమీద ఒకటి పడి రెండూ చెడిపోతాయి. హాలులో ఒక నవ్వు ఆగకముందే తర్వాతి మాట వచ్చిపడటంతో వినేవాడు చేసే ఈ పని మొదటిసారి చూసేవారి కంట పడదు. చిత్రం నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చాక ఇంట్లో తీరిగ్గా మళ్లీ చూసేవారు సత్య మీది నుంచి చూపు కాస్త పక్కకు జరిపితే, ఏసు చెప్పే ప్రతి అబద్ధాన్నీ నమ్మాలా వద్దా అని మొహంలోనే లెక్కవేసుకుంటున్న బాబు కనిపిస్తాడు.