నీళ్ళ వెంట వెళ్ళిన రైతులు

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు చుట్టుపక్కల చాలా ఊళ్ళలో ఒక మాట వినపడుతుంది. "మా పెదనాన్న వాళ్ళు క్యాంపులో ఉంటారు" అంటారు. క్యాంపు అంటే ఏమిటి? సైనికుల గుడారాలా? కాదు. మన రైతులు వేరే చోటికి వెళ్ళి కట్టుకున్న ఊరు. ఆ ఊళ్ళు ఎలా పుట్టాయో తెలుసుకుందాం.

నీటి పని నేర్చుకున్నారు

ఒకప్పుడు గోదావరి నీళ్ళు సముద్రం పాలయ్యేవి. వాన పడకపోతే కరువు. ఎక్కువ పడితే వరద. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలైంది. 1852లో పూర్తయింది. కాటన్ దొర దాన్ని కట్టించాడు. కాలవలు వచ్చాయి. మెట్ట చేలు మాగాణి అయ్యాయి.

మనవాళ్ళు కొత్త పనులు నేర్చారు. ఆకుమడి పెంచడం, దమ్ము చెయ్యడం, ఊడ్చడం, బోదెలు తవ్వడం. సార్వా, దాళ్వా రెండు పంటలు తియ్యడం. కొల్లేరు వైపు వాళ్ళకి ఇంకో పని కూడా తెలుసు. తమ్మిలేరు, బుడమేరు పొంగితే నీళ్ళు కొల్లేట్లోకి వస్తాయి. ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. పోకపోతే చేలు మునుగుతాయి. నీరు పెట్టడం ఎంత ముఖ్యమో, మురుగు తియ్యడం అంత ముఖ్యం.

ఎందుకు వెళ్ళారు?

కుటుంబం పెరుగుతుంది. భూమి పెరగదు. పదెకరాలు నలుగురు అన్నదమ్ములు పంచుకుంటే తలా రెండున్నర ఎకరాలు. వాళ్ళ పిల్లలు పంచుకుంటే? డెల్టాలో కొందామంటే ధర ఎక్కువ.

1931లో నిజాం రాజ్యంలో మంజీరా నది మీద నిజాంసాగర్ పూర్తయింది. కోస్తా రైతులు కొందరు బోధన్ వైపు వెళ్ళారు. 1953లో హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాం సిద్ధమైంది. దాని ఎడమ కాలవ కింద గంగావతి, కారటగి, సింధనూరు ఉన్నాయి. అవి అప్పుడు మెట్ట భూములు. జొన్న, పత్తి పండేవి. ధర తక్కువ. ఇక్కడ కొంచెం అమ్మితే అక్కడ ఎక్కువ వస్తుంది. అలా చాలామంది కదిలారు.

క్యాంపు బతుకు

అడవి తుప్పలు కొట్టారు. పాకలు వేసుకున్నారు. నల్లరేగడి నేల చదును చేసి గట్లు వేశారు. కూలి కుటుంబాలు కూడా వెళ్ళాయి. వాళ్ళ చెమట లేనిదే ఆ మాగాణి లేదు. పాకల వరసని క్యాంపు అన్నారు. పక్కా ఇళ్ళు వచ్చాక కూడా ఆ పేరు పోలేదు.

క్యాంపులో రామాలయం కట్టుకున్నారు. శ్రీరామనవమి పందిళ్ళు వేశారు. సంక్రాంతికి ముగ్గులు, గొబ్బెమ్మలు పెట్టారు. పెళ్ళి సంబంధాలకి మళ్ళీ గోదావరి, కృష్ణా జిల్లాలకే వచ్చేవారు.

మొదట ఆ ఊళ్ళు హైదరాబాదు రాష్ట్రంలో ఉండేవి. 1956 నవంబరు 1న భాషని బట్టి రాష్ట్రాలు ఏర్పడ్డాయి. ఆ ఊళ్ళు మైసూరు రాష్ట్రంలో కలిశాయి. అదే ఇప్పటి కర్ణాటక. పిల్లలకి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. కొందరు తెలుగు మాట్లాడగలరు గాని చదవలేరు. తాతగారు రాసిన ఉత్తరం ఇంకొకరు చదివి చెప్పాలి.

లాభం, నష్టం

ఇప్పుడు కర్ణాటకలో వరి అంటే గంగావతి పేరు చెబుతారు. రైసు మిల్లులు వచ్చాయి. అక్కడి రైతులు కూడా వరి నేర్చారు. ఇది లాభం.

నష్టపోయినవాళ్ళు కూడా ఉన్నారు. కాలవ వస్తే భూమి ధర ఎంత పెరుగుతుందో తెలియక కొందరు స్థానికులు చౌకగా అమ్ముకున్నారు. తర్వాత కూలికి వెళ్ళారు.

ఇంకో చిక్కు ఉంది. ఆ కాలవ కింద ఎక్కువ భూమిలో జొన్న, పత్తి, వేరుసెనగ లాంటి ఆరుతడి పంటలే వెయ్యాలని ప్రభుత్వం నిర్ణయించింది. వాటికి నీళ్ళు తక్కువ చాలు. కాని పైభాగం రైతులు వరి వేశారు. వరి ఎక్కువ నీళ్ళు తాగుతుంది. చివర ఉన్న మాన్వి, రాయచూరు వైపు పొలాలకి నీళ్ళు సరిగా అందలేదు. మురుగు పోని చోట భూమి చౌడు బారింది.

2024 ఆగస్టు 10 రాత్రి డ్యాం 19వ గేటు కొట్టుకుపోయింది. నీళ్ళు వృథాగా నదిలోకి పోయాయి. పై రైతు పంటకీ, చివరి రైతు పంటకీ ప్రమాదం వచ్చింది. తాత్కాలిక గేటు పెట్టి నీళ్ళు ఆపారు. డ్యాం అందరిదీ. నీళ్ళు అందరివీ.

కొల్లేరు అంచు పొలాలు కూడా కాలవలకి చివరి పొలాలే. నీళ్ళు ఆలస్యమైతే ఎలా ఉంటుందో మనకి తెలుసు. మాన్వి రైతు బాధ కూడా అదే.

మాట్లాడుకోండి

1. మీ ఊరి నుంచి ఎవరు వలస వెళ్ళారు? మీ ఊరికి ఎవరు వచ్చారు?
2. పైవాళ్ళు, చివరివాళ్ళు నీళ్ళు ఎలా పంచుకోవాలి?
3. భూమి కాగితం మీద వేలిముద్ర వెయ్యకముందు ఏమేం చదవాలి?