కిటికీల కింద బొద్దింకలు
అమెరికాలోని ఎంఐటీలో 1984లో రూపొందిన ఎక్స్ విండో వ్యవస్థలో, తెరపై బొమ్మలు గీసే ‘సర్వర్’ ఒక కంప్యూటర్‌లోనూ, గీయమని కోరే ప్రోగ్రామ్ నెట్‌వర్క్‌లోని మరో కంప్యూటర్‌లోనూ ఉండవచ్చు కనుక, ప్రవేశ నియంత్రణను సడలించి ఉంచిన సహోద్యోగి తెరపైకి దూరం నుంచే చిలిపి ప్రోగ్రాములను పంపే వీలు కలిగింది. వాటిలో ‘ఎక్స్‌రోచ్’ నిజంగా అపురూపమైనది: తెర అడుగు తలంపై పరుగులు తీసే బొద్దింకలు విండోల కింద, అంటే ప్రోగ్రాములు కనిపించే చట్రాల కింద దాక్కుని, చట్రాన్ని జరపగానే వంటింట్లో దీపం వేసినప్పటిలా చెల్లాచెదురై కొత్త చాటు వెతుక్కుంటాయి. బల్లమీద పేర్చిన కాగితాల్లాంటివే ఈ చట్రాలన్న భావనను అంత సజీవంగా చూపిన పాఠ్యగ్రంథం అరుదు. ఇలాంటిదే మరో ప్రోగ్రామ్‌లో మౌస్ బాణాన్ని వెంటాడి, అది ఆగినచోట కునుకు తీసే జపాన్ పిల్లి ‘నెకో’ మాత్రం ఎవరినీ బెదిరించలేదు.