పెరటి చెట్టు

విద్య పుట్టినచోటనే ఫలించునను నియమము లేదు. ఇందుకు తార్కాణముగ రాడారుకు చిక్కని విమానముల కథను మేము పాఠకులకు నివేదించుచున్నాము.

1977 డిసెంబరు 1వ తేదీన అమెరికాలోని నెవాడా యెడారియందు గ్రూమ్ లేక్ అను రహస్యస్థలమున 'హ్యావ్ బ్లూ' యను వింత విమానము తొలిసారి యెగిరెను. పలకలు పలకలుగ చెక్కినట్లున్న దాని దేహము తనపై బడిన రాడారు తరంగములను వచ్చిన దిక్కునకు మరలింపక ప్రక్కలకు చెదరగొట్టును. 1981 జూన్ 18న తొలుత నెగిరిన ఎఫ్-117 దీని సంతతియే.

అంచులవద్ద తరంగములెట్లు చెదరునో గణించు పద్ధతిని 1962లో మాస్కోయందు గ్రంథముగ ప్రకటించినవాడు ప్యోతర్ ఉఫీంత్సెవ్ అను సోవియట్ శాస్త్రజ్ఞుడు. ఆతని ప్రభుత్వము దానిని దాచదగినదనియైన తలపలేదు. అమెరికా వైమానికదళమో, 1971లో దానిని ఆంగ్లమున కనువదింపజేసెను. లాక్‌హీడ్ కంపెనీ గణితజ్ఞుడు డెనిస్ ఓవర్‌హోల్సర్ దానిని చదివి, ఆ లెక్కలను విమానరూపమునకు వినియోగించెను. పెరటి చెట్టు వైద్యమునకు పనికిరాదను సామెతకు ఇంతకన్న నిదర్శనమేల?

ఈ విమానమును అజేయము కాదు. 1999 మార్చి 27న సెర్బియాలో యుగోస్లావియా సైనికులు పాతకాలపు ఎస్-125 క్షిపణితో నొక ఎఫ్-117ను కూల్చిరి. ఎంతటి ఆయుధమైనను పాతబడును. దానిని కల్పించిన విద్యయే నిలుచును.

మన ప్రభుత్వమును 2024 మార్చిలో ఇట్టిదే యగు 'ఆమ్కా' విమాన నిర్మాణమునకు సుమారు 15,000 కోట్ల రూపాయల ప్రణాళికను ఆమోదించినది. ఇది ముదావహము. కాని మన విశ్వవిద్యాలయములలో నే మూలనో లెక్కలు కట్టుచున్న యువకుని గ్రంథమును పరులకన్న ముందుగ మనమే చదువవలెనని మేము హెచ్చరించుచున్నాము.