ఉద్యోగార్థి అడుగవలసిన ప్రశ్న

ముఖాముఖి ముగియునపుడు అధికారి "మీరేమైనా అడుగుదురా?" అన్నచో మన యువకులు పెక్కురు "లేదండీ" అని లేచెదరు. దానిని వినయమని మనము మెచ్చుకొనుచున్నాము. పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారము కర్మాగారములలో ఆ మౌనము ప్రాణాంతకము కావచ్చును. 2025 జూన్ 30న పాశమైలారమున, ఔషధములలో కలుపు సెల్యులోజు పొడిని తయారుచేయు కర్మాగారములో ప్రేలుడు సంభవించి 40 మందికి పైగా మరణించిరి.

"నేనుండు విభాగములో ఏ ద్రావకములు, ఏ పొడులు వాడుదురు? శిక్షణ ఎన్నిదినములు? ప్రమాద గంట మ్రోగినచో ఏ దారిని బయటపడవలెను?" అని అడుగుట పొగరు కాదు. 1987లో కర్మాగారముల చట్టమునకు చేసిన సవరణ, పనిలోనున్న కార్మికునకు ఇట్టి సమాచారము కోరు హక్కునిచ్చినది; చేరకముందే అడిగిన తప్పేమి? విసుగుకొను అధికారి ముఖము కూడ మనకు కొంత చెప్పును. నియామకపత్రము ఇచ్చునది కంపెనీయా, కంట్రాక్టరా అనునదియు అప్పుడే తేల్చుకొనవలెను, భవిష్యనిధి, ఇ.ఎస్.ఐ. చందాలు ఎవరు కట్టుదురో దానితో తెలియును.